పన్ను పోయింది, గది కోత అలాగే ఉంది

సంపాదకుడు గారికి నమస్కారం.

వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎత్తేసిన దగ్గర్నుంచి చర్చంతా ప్రీమియం చుట్టూనే తిరుగుతోంది. ఏడాదికి 30 వేలు కట్టే కుటుంబానికి 5,400 రూపాయలు మిగిలిన మాట నిజమే. ఉద్యోగులకు సంస్థలు తీసే గ్రూప్ పాలసీలకు ఆ వెసులుబాటు కూడా లేదు. కానీ అదే కుటుంబం ఆసుపత్రి గడప దిగేటప్పుడు చేతి నుంచి అరవై వేలకు పైగా కట్టేలా చేసే షరతు పాలసీలోనే ఉంది. అది గది అద్దె పరిమితి. ప్రీమియం గురించి ఇంత మాట్లాడుతున్న మనం దాని గురించి మాట్లాడకపోవడం బాధగా ఉంది.

ఒక లెక్క చూద్దాం. పాలసీ 5 లక్షలది. రోజుకు గది అద్దె బీమా మొత్తంలో 1 శాతం, అంటే 5,000 దాటకూడదని షరతు. రోగిని 8,000 గదిలో 4 రోజులు ఉంచి ఆపరేషన్ చేశారు. గదికి 32,000. సర్జన్, మత్తు డాక్టరు, ఓటీ (ఆపరేషన్ థియేటర్), డాక్టర్ల విజిట్లు అన్నీ కలిపి 1,20,000. మందులు 35,000, పరీక్షలు 18,000. గ్లౌజులు, మాస్కుల్లాంటి బీమా వర్తించని సామాను 9,000. మొత్తం 2,14,000. గదిపై పన్ను ఇందులో కలపలేదు. ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5,000 దాటితే 5 శాతం జీఎస్టీ 2022 జూలై 18 నుంచి ఉంది.

గదికి ఎక్కువైంది రోజుకు 3,000, నాలుగు రోజులకు 12,000. అంతవరకే మన జేబులోంచి పోతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది అది కాదు. 8,000లో 5,000 అంటే 62.5 శాతం. బీమా కంపెనీ ఈ దామాషాను డాక్టర్ల ఫీజులకూ, ఓటీ చార్జీలకూ వర్తింపజేస్తుంది. దాంతో 1,20,000లో 75,000 మాత్రమే వస్తుంది, 45,000 కోత. గదిలో కోత 12,000, వర్తించని సామాను 9,000 కలిపితే రోగి కట్టాల్సింది 66,000. దీన్నే ప్రపోర్షనేట్ డిడక్షన్, అంటే దామాషా కోత అంటారు. డిశ్చార్జి రోజు ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర కాగితం చేతిలో పెట్టేదాకా చాలామందికి ఈ మాటే తెలియదు.

ఈ కోత ఎందుకంటే, చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో గది తరగతిని బట్టే మిగతా రేట్లూ మారతాయి. అదే సర్జన్, అదే ఓటీ, అదే ఆపరేషన్. షేరింగ్ గదికి ఒక రేటు, డీలక్స్‌కు ఇంకో రేటు. కాబట్టి పై తరగతి గది ఎంచుకున్నవాళ్ల అదనపు ఖర్చు మేం మోయలేమని బీమా కంపెనీలు అంటాయి. పరిమితి ఉన్న పాలసీకి ప్రీమియం తక్కువ అన్నదీ వాస్తవమే. ఆ వాదనలో న్యాయం ఉంది, అయితే దానికి హద్దులున్నాయి. బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే వాటిని గీసింది. మందులు, సర్జికల్ సామగ్రి, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదు. ఐసీయూ చార్జీలపై వేయకూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల్లో అసలే వేయకూడదు. పై లెక్కలో మందులు, పరీక్షల మీద కూడా కోసి ఉంటే రోగికి మరో 19,875 రూపాయలు అన్యాయంగా పోయేవి. అందుకే ఒక్క మొత్తం అంకె చూసి సంతకం పెట్టకుండా, పద్దు పద్దుకూ ఎంత కోశారో తెలిపే సెటిల్‌మెంట్ షీట్ అడిగి తీసుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. చాలా పాలసీల్లో ఆ 5,000 పరిమితి గదికి మాత్రమే కాదు, గది, భోజనం, నర్సింగ్ కలిపి. గది 4,500 అని చెప్పి, నర్సింగ్ 1,000 వేరే వరుసలో రాస్తే పరిమితి దాటినట్టే, కోత మొదలైనట్టే. చేర్చేటప్పుడు ‘రోజుకు గది ఎంత?’ అని అడిగితే సరిపోదు. ‘గదితో పాటు రోజువారీ వేసేవన్నీ కలిపి ఎంత?’ అని అడగాలి. షేరింగ్ గది ఖాళీ లేదని పై గదిలో వేస్తే, మనం అడిగిన తరగతి దొరకలేదని, ఆ తరగతి రేటుకే బిల్లు వేస్తామని అడ్మిషన్ కాగితం మీద రాయించుకోవాలి. తర్వాత వాదించడానికి చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

2024 ఆరోగ్య బీమా నిబంధనల్లో మంచి మార్పులు వచ్చాయి. క్యాష్‌లెస్, అంటే ఆసుపత్రికి కంపెనీయే నేరుగా కట్టే పద్ధతి కోసం పెట్టిన అభ్యర్థనపై గంటలోగా తేల్చాలి. డిశ్చార్జి అనుమతి 3 గంటల్లో ఇవ్వాలి, ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేసేది కంపెనీయే తన వాటాదార్ల నిధుల్లోంచి భరించాలి. ముందే ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన గడువు 48 నెలల నుంచి గరిష్ఠంగా 36కు తగ్గింది. వరుసగా 60 నెలలు ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ కొట్టేయడం కుదరదు. క్లెయిమ్ పూర్తిగా గానీ, కొంత గానీ నిరాకరిస్తే ఏ షరతు కింద అన్నది రాసి ఇవ్వాలి. అరవై ఏళ్లు దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. ఇవన్నీ స్వాగతించదగినవే.

అయితే ఇవన్నీ బీమా కంపెనీలకు కట్టిన కళ్లేలు. గది రేటునూ, ఓటీ రేటునూ నిర్ణయించేది ఆసుపత్రి. దానిమీద ఐఆర్‌డీఏఐకి అధికారం లేదు, అది రాష్ట్రాల చేతిలో ఉంది. బిల్లులు పెరిగేకొద్దీ ప్రీమియమూ పెరుగుతుంది. 30 వేల ప్రీమియం రెన్యువల్‌లో పది శాతం పెరిగితే పన్ను రద్దుతో మిగిలిన 5,400లో 3,000 అక్కడే ఆవిరి.

ఆపరేషన్‌కు ఇంత అని ముందే రేటు కట్టడం అసాధ్యమనే వాదన నిలవదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఒక్కో చికిత్సకు ప్యాకేజీ ధర ఉంది. ప్రైవేటు ఆసుపత్రులే ఆ ధరకు చేస్తున్నాయి. ఆ రేట్లు తక్కువని, బకాయిలు నెలల తరబడి రావడం లేదని ఆసుపత్రులు చేసే ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. ప్రభుత్వం వాటిని తీర్చాలి, రేట్లను సవరించాలి. కానీ ధర ముందే చెప్పడం సాధ్యమేనని ఆ పథకాలే చూపిస్తున్నాయి. తెలంగాణ అమలు చేస్తున్న 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద కేంద్రం 2012లో చేసిన నిబంధనలు రేట్లను స్థానిక భాషలోనూ ప్రదర్శించాలంటున్నాయి. గది తరగతి వారీగా ఓటీ, సర్జన్ ఫీజులతో సహా తెలుగులో పెద్దక్షరాలతో బోర్డు పెట్టించాలి. తనిఖీ చేసి, పెట్టనివాళ్లకు జరిమానా వేయాలి.

బీమా కంపెనీలు చేయాల్సింది ఇంకా తేలిక. పాలసీతో పాటు ఇవ్వాల్సిన, ముఖ్యమైన షరతులు క్లుప్తంగా చెప్పే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ పాలసీదారు కోరితే స్థానిక భాషలో ఇవ్వాలి. అందులో గది పరిమితిని ‘1 శాతం’ అని వదిలేయకుండా, ఇన్ని రూపాయలని, నర్సింగ్ కలిపా విడిగానా అని, దాటితే డాక్టరు ఫీజుల్లో ఎంత కోత పడుతుందో పైన వేసినట్టు ఒక ఉదాహరణతో సహా అచ్చువేయాలని ఐఆర్‌డీఏఐ ఆదేశించాలి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. తెలుగు షీట్‌కు నమూనా తయారుచేయడం దానికి పెద్ద పని కాదు.

ఇప్పటికే కోత పడినవాళ్లకు దారి ఉంది. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమ్మతం కాకపోయినా, ఏడాదిలోగా బీమా ఫిర్యాదులను తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. బిల్లు, సెటిల్‌మెంట్ షీట్, పాలసీ ప్రతి, కంపెనీతో నడిచిన ఉత్తరాలు జతచేయాలి. మందులు, పరీక్షలు, ఐసీయూ వరుసల్లో కోత పడి ఉంటే, 2020 మార్గదర్శకాలను ప్రస్తావిస్తూ ఆ అంకెలను ఎర్ర సిరాతో గుర్తుపెట్టి మరీ పంపండి.

ఇట్లు,
ఒక పాలసీదారుడు,
హనుమకొండ