ఉపవాసం చాటున దాగే జబ్బు

సంపాదకుల వారికి,

ఇంటర్ విద్యార్థినుల వసతిగృహంలో పర్యవేక్షకురాలిగా పనిచేస్తున్న నేను, శనివారం ఉపవాసమంటూ మొదలుపెట్టి క్రమంగా వారంలో నాలుగు రోజులు పస్తులుండే అమ్మాయిలను చూశాను. ఒకమ్మాయి పప్పన్నం కలిపి, ముద్దలు చేసి, కంచం అంచుకు నెట్టి, తిన్నట్టే లేచిపోయేది. మరొకమ్మాయి భోజనం కాగానే స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఎంతసేపటికీ బయటికి వచ్చేది కాదు. మొదట్లో నేనూ ఒకదాన్ని భక్తి అనీ, రెండోదాన్ని పరీక్షల బెంగ అనీ సరిపెట్టుకున్నాను.

అనొరెక్సియా (లావవుతామన్న భయంతో తిండి మానుకోవడం), బులీమియా (అతిగా తిని, ఆపై వాంతి చేసుకోవడం వంటివి) మొండితనాలు కావు, వైద్యం అవసరమైన మానసిక రుగ్మతలు. పదేపదే వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు, పళ్లపై ఎనామిల్ అరిగిపోతుంది. దీర్ఘకాలం చాలినంత తినకపోతే నెలసరి ఆగిపోయి, ఎముకలు గుల్లబారవచ్చు. బక్కచిక్కలేదు కదా అని ధీమాగా ఉండరాదు, ఎందుకంటే బులీమియా ఉన్నవారిలో చాలామంది బరువు మామూలుగానే ఉంటుంది. మన ఇళ్లలో మాత్రం సెలవులకు వచ్చిన పిల్లను గుమ్మంలోనే ‘ఒళ్లు చేశావే’ అని పలకరించడం (నేనూ అన్నదాన్నే) మానం.

చాలా రోజులుగా తిండి తగ్గించేసిన పిల్లకు కంగారుపడి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడమూ ప్రమాదమే కనుక, బలవంతం చేయకుండా ముందు డాక్టరుకు చూపించాలి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి ‘టెలీ మానస్’ ఉచిత నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును ప్రతి హాస్టల్ మెస్‌లో మెనూ పక్కనే అతికించాలని కళాశాలల యాజమాన్యాలను కోరుతున్నాను.

– ఒక వసతిగృహ పర్యవేక్షకురాలు, గుంటూరు