ముట్టుకోకుండా పంపిన పార్శిల్

ప్లేనో, టెక్సస్
3 నవంబరు 2024, ఆదివారం పొద్దున

ఒరేయ్ చంటీ,

ముందు నన్ను తిట్టాల్సినన్ని తిట్టేసి, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. సాకులేమీ చెప్పను. దీపావళికైనా రాద్దామని కూర్చున్నాను, ఆఫీసు వాళ్లు లేపేశారు. ఇవాళ ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నాం. అలా మిగిలిన గంట నీకే రాసిస్తున్నాను.

అందరం బాగున్నాం. మీ చెల్లికి మోకాలి నొప్పి తగ్గింది. పాప మూడో తరగతి. అమ్మకి మందులు నువ్వే తెచ్చిచ్చావట, ఫోన్లో చెప్పింది. దాని గురించి ఏమంటే నీకు కోపమొస్తుందో తెలుసు కాబట్టి ఏమీ అనను. గ్రీన్ కార్డు రాలేదు, ఇంకా హెచ్1బీ వీసా మీదే ఉన్నాను. ఈ వీసా ముక్క గుర్తుపెట్టుకో, కింద దీనితో పనుంది.

ఇక అసలు సంగతి. నెల రోజులుగా ఎవరికి చెప్పినా సగంలోనే ఆపేస్తున్నారు. నువ్వైతే పూర్తిగా వింటావు. పక్కింటి మామ్మగారు తుపాకీని పోస్టులో పంపించారు రా! పద్ధతిగా, చట్టప్రకారం, పోస్టాఫీసు కౌంటర్లో ఇచ్చి. దగ్గరుండి అంతా చేయించింది నేనే. కానీ ఆ తుపాకీ మీద నా వేలు కూడా పడలేదు.

మామ్మగారు నీకు తెలుసు. నువ్వు 2019లో వచ్చినప్పుడు నీకు పెకాన్ పై (గింజలతో చేసే తీపి వంటకం) పెట్టి, నువ్వు తినేదాకా కదలని ఆవిడ. తాతగారు నిరుడు డిసెంబర్లో పోయారు. ఆయన గురించి ఒకటే చెప్తాను. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకి కరెంటు పోయినప్పుడు, పాప వణికిపోతుంటే, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని వచ్చి ముగ్గుర్నీ తనింటికి తీసుకెళ్లి కట్టెల మంట పక్కన పడుకోబెట్టారు. ఆయన మాత్రం రాత్రంతా కుర్చీలో కూర్చుని కట్టెలు వేస్తూనే ఉన్నారు. ఆ ఇంటి పని ఏదైనా నేను కాదనలేను.

సెప్టెంబర్లో ఒకరోజు మామ్మగారు పిలిచారు. బల్ల మీద పాత దుప్పటి, అందులో తాతగారి షాట్‌గన్. వించెస్టర్ మోడల్ 12. 1912లో మొదలుపెట్టి యాభై ఏళ్ల పైచిలుకు తయారు చేశారట దాన్ని. భుజానికి ఆనే చెక్క మడమ, ఆయన చెంప ఆనే చోట, నున్నగా అరిగి రంగు మారిపోయింది. నూనె వాసన. సౌత్ డకోటాలో కూతురి కొడుకున్నాడు, 19 ఏళ్లు. అక్కడ అక్టోబర్లో ఫెజంట్ పక్షుల వేట మొదలవుతుంది, ఆ రాష్ట్ర పక్షి కూడా అదే. తాతగారు ఏటా అక్కడికెళ్లి మనవణ్ని పొలాల్లో తిప్పేవారట. ఈ ఏడాది వేట మొదలయ్యే 19వ తేదీకల్లా అది వాడి చేతిలో ఉండాలని మామ్మగారి పట్టుదల. "బాబూ, నా కంటికి ఆ ఫారాలు కనపడవు. ఇది తీసుకెళ్లి పార్శిల్ చేసి రా" అని దుప్పటితో సహా నా ముందుకి జరిపారు.

చంటీ, నేను ఒక్కడుగు వెనక్కి వేశాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

ఎందుకంటే హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు తీసుకున్నవాళ్లకి మినహాయింపు ఉంది, మా ఆఫీసులో ఇద్దరు అలాగే షూటింగ్ రేంజికి వెళ్తుంటారు. నాకు ఆ లైసెన్సు లేదు. తప్పు జరిగితే 15 ఏళ్ల దాకా జైలు, ఇక గ్రీన్ కార్డు ఊసే ఉండదు. ఆ పెట్టె నా కార్లో పెట్టుకుని ఒక్కణ్నే పోస్టాఫీసుకి వెళ్లడం కూడా నాకు మంచిది కాదనిపించింది. కూర్చుని మామ్మగారికి ఇదంతా విడమరిచి చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అయితే నువ్వు చదువు, నేను చేస్తాను" అన్నారు.

అదే చేశాం.

మొదట అనుకున్నంత తేలిక కాదు. ఆవిడ టెక్సస్‌లో, వాడు సౌత్ డకోటాలో. ఇద్దరికీ తుపాకుల వ్యాపారం లైసెన్సు లేదు. అలాంటప్పుడు సొంత మనవడైనా సరే, రాష్ట్రం దాటించి నేరుగా వాడి చేతికి కానుక ఇవ్వకూడదు. అక్కడి లైసెన్సు ఉన్న డీలరుకి పంపాలి, వాడు డీలరు దగ్గర ఫారం నింపి తీసుకోవాలి. సరే, ఏ పార్శిల్‌లో పంపాలి? యూపీఎస్, ఫెడెక్స్ ఇప్పుడు లైసెన్సు ఉండి తమతో ఒప్పందం చేసుకున్నవాళ్ల దగ్గరే తుపాకులు తీసుకుంటున్నాయి. మామూలు మనుషుల దగ్గర తీసుకోవు. ఇక మిగిలింది ప్రభుత్వ పోస్టు. రైఫిలు, షాట్‌గన్ లాంటి పొడుగు తుపాకులైతే మామూలు మనిషి కూడా వేరే రాష్ట్రంలోని డీలరుకి పోస్టులో పంపొచ్చు.

మధ్యలో ఒక పార్శిల్ దుకాణంలో అడిగితే కౌంటర్లో కుర్రాడు "ఏవో ఇనుప సామాన్లని రాసేయండి, ఎవరు చూడొచ్చారు" అన్నాడు. మామ్మగారు ఆ మాట వినగానే చేతిసంచి తీసుకుని బయటికొచ్చేశారు. కార్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఆయన జీవితంలో ఒక్క అబద్ధం రాయలేదు. ఆయన తుపాకీని నేను అబద్ధంలో చుట్టి పంపను."

తాతగారి రివాల్వర్ కూడా ఒకటుంది. దాని దారి వేరు. చేతి తుపాకులు మామూలు మనుషులు పోస్టులో వేయకూడదని 1927లో చట్టం వచ్చింది. పైగా డీలరు దగ్గర చేతి తుపాకీ తీసుకోవాలంటే 21 ఏళ్లు నిండాలి, మనవడికి 19. అందుకని అది కూతురికే ఇచ్చారు. ఇక్కడి లైసెన్సు దుకాణానికి మామ్మగారే తీసుకెళ్లి అప్పజెప్తే, వాళ్లు అక్కడి దుకాణానికి పంపారు. దాని కథ అంతే.

షాట్‌గన్ కథ చెప్తాను. ముందు మనవడు తన ఊళ్లో ఒక డీలరుని పట్టుకున్నాడు. అందరూ మామూలు మనుషుల దగ్గర నుంచి వచ్చేవి తీసుకోరు, ఫోన్ చేసి కనుక్కోవాలి. ఈయన సరే అని తన లైసెన్సు కాపీ సంతకం పెట్టి మెయిల్ చేశాడు. ఆ లైసెన్సు ఉన్నదో లేదో ప్రభుత్వం సైటులో నంబరు మొదటి మూడంకెలు, చివరి ఐదంకెలు కొట్టి సరిచూసుకోవచ్చు. అది నా పని. కొట్టాను, దుకాణం పేరూ చిరునామా వచ్చాయి. మూడుసార్లు చూశాను, నువ్వు హాల్ టికెట్ చూసుకున్నట్టు.

కట్టే రోజు మామ్మగారి చర్చి స్నేహితుడొకాయన వచ్చారు. ఆయన తుపాకీ ఖాళీగా ఉందో లేదో తెరిచి, వేలు పెట్టి తడిమి, మామ్మగారికీ చూపించారు. మోడల్ 12లో ఒక మంచి సంగతుంది, గొట్టం తిప్పితే రెండు ముక్కలుగా ఊడొస్తుంది. అందుకే పెద్ద పెట్టె అక్కర్లేకపోయింది. అల్మారాలో దొరికిన తూటాల డబ్బా ఆయనే తీసుకెళ్లారు, తూటాలు పోస్టులో అసలు వేయకూడదు.

నేను వంటింటి గట్టుకి ఇవతల, చేతులు జేబుల్లో పెట్టుకుని, ఫోన్లో చూసి చదువుతున్నాను. అవతల మామ్మగారు. 82 ఏళ్లు, వేళ్ల కణుపులు వాచి ఉంటాయి. బబుల్ షీటు చుడుతుంటే జారిపోతోంది. టేపు కొస దొరకడం లేదు, గోటితో గీకుతున్నారు. ఆ గోరు చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. స్నేహితుడు అందుకోబోతే వద్దన్నారు. నాకేమో చెయ్యి లాగేస్తోంది రా. మనిళ్లల్లో పెద్దవాళ్లు ఒక సంచి మోస్తుంటే చూస్తూ నిలబడతామా? గట్టుకి అటు ఆవిడ, ఇటు నేను, మధ్యలో రెండడుగులు. ఆ రెండడుగులు దాటలేక నేను పడ్డ బాధ... సరే.

చివరికి చెక్క మడమని చుట్టే ముందు ఒకసారి ఆ అరిగిన చోట అరచెయ్యి పెట్టి ఉంచారు. నేను చదవడం ఆపాను. "ఊ, తర్వాత?" అన్నారు.

తర్వాత, లోపల ఒక కాగితం: మామ్మగారి పేరు, చిరునామా, డ్రైవింగ్ లైసెన్సు కాపీ, మనవడి పేరు, ఫోన్ నంబరు. డీలరు తన రిజిస్టర్లో ఎక్కించుకోవాలి కదా. పెట్టె పైన మాత్రం లోపల ఏముందో తెలిసే రాత గానీ గుర్తు గానీ ఉండకూడదు, దొంగల భయం. పాప బొమ్మ ఒకటి అంటిస్తానంది, అదీ వద్దన్నాం.

పోస్టాఫీసుకి మామ్మగారి కార్లో వాళ్లిద్దరూ, వెనక నా కార్లో నేను. కౌంటర్లో ఆవిడే చెప్పారు, ఖాళీ షాట్‌గన్, వెళ్లేది లైసెన్సు డీలరుకి అని. కౌంటరు అమ్మాయి లోపలికెళ్లి పెద్దాయన్ని తీసుకొచ్చింది. ఆయన నిబంధనల పుస్తకం తెరిచి, చదివి, తుపాకీ ఖాళీగా ఉందని రాసివ్వమన్నాడు. అలా అడిగే హక్కు వాళ్లకుంది. మామ్మగారు నిలబడే రాశారు, వణికే అక్షరాలతో, పూర్తి పేరుతో. డెలివరీ దగ్గర సంతకం తీసుకునే సర్వీసు పెట్టించాం. రసీదు మడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకున్నారు.

రసీదు అనగానే మీ తాతగారు గుర్తొచ్చారు. ఎన్నికలొచ్చాయని జోడుగొట్టాల తుపాకీ గోనెసంచిలో చుట్టి, మనిద్దర్నీ వెంటేసుకుని బస్సులో స్టేషన్‌కి జమ చేయడానికి వెళ్లారు చూడు. కండక్టరు అడిగింది గుర్తుందా? తిరిగొచ్చేటప్పుడు బత్తాయి రసం? మొన్న మే ఎన్నికలకి మీ బాబాయి జమ చేసి వెనక్కి తెచ్చుకున్నాడా? మామ్మగారికి ఇది చెబితే నమ్మలేదు. ఓట్లకీ దానికీ ఏం సంబంధం అని రెండుసార్లు అడిగారు.

దారిలో కాఫీకి ఆగినప్పుడు ఆవిడ చెప్పింది విను. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాన్న కేటలాగులో చూసి తుపాకీకి ఆర్డరిస్తే పోస్టుమ్యాన్ గుమ్మంలోకి తెచ్చిచ్చాడట. ఎవరూ ఏమీ అడగలేదు. 1963లో ఆవిడకి 21 ఏళ్లు, డల్లాస్‌లోనే ఉన్నారు. కెన్నెడీని కాల్చిన రైఫిల్ ఆస్వాల్డ్ అలా తెప్పించుకున్నదే. షికాగో దుకాణానికి మారుపేరుతో కూపన్, 21 డాలర్ల 45 సెంట్ల మనీఆర్డరు, డల్లాస్ పోస్టుబాక్సుకి డెలివరీ. నువ్వు ఆరో అంతస్తు మ్యూజియం ముందు, రోడ్డు మీద ఇంటూ మార్కు దగ్గర ఫోటో దిగావే, కెన్నెడీని కాల్చింది అక్కడే. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని, తర్వాత రాబర్ట్ కెన్నెడీని కూడా చంపాక, ఆ అక్టోబర్లో చట్టం వచ్చి ఆ మనీఆర్డరు దారి మూసేసింది. డీలరు, లైసెన్సు అంటూ మేము పడ్డ తిప్పలు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. "అప్పుడే ఇన్ని కాగితాలు అడిగుంటే" అని ఆవిడ ఆ మాట పూర్తి చేయలేదు.

నాకూ అదే అనిపిస్తుంది చంటీ. 2023 మే 6న ఇక్కడికి దగ్గర్లో అలెన్ మాల్‌లో ఒకడు 8 మందిని కాల్చి చంపాడు. అందులో మన తెలుగమ్మాయి కూడా ఉంది. అంతకు ముందు వారమే మేము ఆ మాల్‌లో పాపకి చెప్పులు కొన్నాం. పాప బడిలో తలుపులేసుకుని చప్పుడు చేయకుండా కూర్చునే డ్రిల్లు చేయిస్తారు. ఇంటికొచ్చి ఎంత కదలకుండా కూర్చుందో చూపిస్తుంది. అందుకే గ్రీన్ కార్డు వచ్చినా నా ఇంట్లో తుపాకీ ఉండదు. అయినా ఆ పెట్టె మీద నాకింత ప్రేమ ఎందుకో... దీనికి నా దగ్గర జవాబు లేదు, నువ్వేమంటావో రాయి.

వేట మొదలయ్యే ముందు మంగళవారం మనవడి ఫోన్. మామ్మగారు నన్ను పిలిచి స్పీకర్లో పెట్టారు. డీలరు దగ్గర 4473 అనే ఫారం నింపాడట, బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా అయిపోయిందట. ఇంటికెళ్లి గొట్టం బిగించి, "అమ్మమ్మా, విను" అన్నాడు. ముందున్న చెక్క పట్టుని వెనక్కీ ముందుకీ లాగాడు. రెండు చప్పుళ్లు, టక్ టక్. మామ్మగారు కళ్లు మూసుకుని, "మళ్లీ" అన్నారు. వాడు మళ్లీ లాగాడు. "ఆయనైతే ఇంకొంచెం మెల్లగా లాగేవారు" అన్నారు.

ఆ సాయంత్రం ఆవిడ మా ఇంట్లోనే భోంచేశారు. మీ చెల్లి పప్పుచారు పెడితే రెండోసారి వేయించుకుని, అప్పుడు నాతో ఒక మాట అన్నారు, అది నీకు చెప్పాలి, దానికోసమే అసలు ఈ ఉత్తరం మొదలు

అయ్యో, పాప కూచిపూడి క్లాసుకి తయారై గుమ్మంలో నిలబడింది, గజ్జెలు కనిపించడం లేదట. ఇవాళ పెట్టకపోతే ఇది మళ్లీ నాలుగు నెలలు బల్ల మీదే ఉంటుంది. ఆ మాట వచ్చే ఉత్తరంలో. మూడో బెంచీ మీద ఒట్టు.

నీ
బుల్లోడు