బీమా పత్రంలో ‘వర్తించనివి’ మొదటి పేజీకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తినప్పుడు ఇళ్ల ముందు నిలిపిన కార్లు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. అటువంటి వేళ కారు యజమానికి అన్నిటికన్నా ముందు తెలియవలసిన సంగతి పాలసీ పత్రం లోపలి పేజీల్లో, చిన్న అక్షరాల ఇంగ్లీషులో ఉంటుంది. వరద వల్ల కారుకు కలిగే నష్టం సమగ్ర పాలసీ పరిధిలోకే వస్తుంది. అయితే మునిగిన కారును వర్క్‌షాపుకు చేర్చకముందే స్టార్ట్ చేస్తే ఇంజన్ సిలిండర్లలోకి నీరు చేరి లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు. ఆ నష్టాన్ని వరద నేరుగా కలిగించినదిగా కాక పర్యవసాన నష్టంగా లెక్కగట్టి, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేనివారి క్లెయిమును కంపెనీలు సాధారణంగా తోసిపుచ్చుతాయి. ఖరీదైన మరమ్మతు మొత్తం యజమాని మీదే పడుతుంది. నీళ్లు తగ్గగానే కారు నడుస్తుందో లేదో చూడాలనుకోవడం ఎవరికైనా సహజమే కనుక, ఈ ఒక్క మాట పెద్ద అక్షరాల్లో ముందే చెప్పకపోవడం నా దృష్టిలో అన్యాయం.

షోరూముల్లో ‘బంపర్ టు బంపర్’ అని చెప్పి అమ్మే జీరో డిప్ (తరుగుదల కోత లేని) కవర్, అన్ని నష్టాలకూ పరిహారం వస్తుందన్న అపోహను మరింత పెంచుతోంది. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు, బ్యాటరీకి, పాతబడ్డాయన్న లెక్కతో, ధరలో 50 శాతం తరుగుదల కోస్తారు. లోహ భాగాలకు కారు వయసును బట్టి కోత పెరిగి, 5 ఏళ్లు దాటిన కారుకు 40 శాతానికి చేరుతుంది. జీరో డిప్ తీసేది ప్రధానంగా ఈ కోతనే. ఇంజన్‌లో చేరిన నీరు, మరమ్మతులో మార్చే ఆయిల్, నట్లు, బోల్టులు, కారులో వదిలిన ల్యాప్‌టాప్ వేటికీ అది వర్తించదు. మద్యం తాగి నడపడం, లైసెన్సు లేకపోవడం వంటివి అందరికీ తెలిసిన మినహాయింపులే. తెల్ల నంబరు ప్లేటు కారును కిరాయికి తిప్పుతూ ప్రమాదానికి గురైతే సొంత కారు నష్టానికి పరిహారం రాకపోవచ్చన్నది మాత్రం, మన పట్టణాల్లో ఆ పని ఎంత బాహాటంగా జరుగుతున్నా, అంతగా చర్చకు రాదు.

సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. పత్రం మీద కనిపించే ఆ మూడేళ్ల గడువు ఎదుటివారికి జరిగే నష్టానికి సంబంధించినది. సొంత కారు నష్టానికి కవర్ ఏడాదికే తీసుకొని ఉంటే, రెండో ఏడాది దానిని రెన్యువల్ చేయించని యజమాని పోలీసు తనిఖీలో ఏ ఇబ్బందీ లేకుండా బయటపడతాడు గానీ, తన కారు గోడను గుద్దుకుంటే రూపాయి కూడా రాదు.

ఇంటి బీమా సంగతి ఇంకా అస్పష్టం. మన దగ్గర ఈ పాలసీ చాలావరకు గృహరుణంతో పాటే వస్తుంది, పత్రం బ్యాంకు ఫైలులోనే ఉంటుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ప్రామాణిక పాలసీ భారత్ గృహ రక్ష అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం వంటి వాటికి రక్షణ ఇస్తుంది. దొంగతనానికి మాత్రం అటువంటి ప్రమాదం జరిగిన 7 రోజుల లోపు, దాని కారణంగా జరిగితేనే వర్తిస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టి సొత్తు ఎత్తుకుపోతే ఈ పాలసీ ఆదుకోదు, దానికి దొంగతనం కవర్ వేరుగా తీసుకోవాలి. ఇంట్లోని సాధారణ సామానుకు భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రక్షణ దానంతటదే వస్తుంది గానీ, నగలకు విడిగా కవర్ కోరాలి. నగదుకు, దస్తావేజులకు ప్రత్యేకంగా రాయించుకుంటే తప్ప రక్షణ లేదు. షార్ట్ సర్క్యూట్ వల్ల ఫ్రిజ్ కాలిపోతే ఆ ఫ్రిజ్‌కు పరిహారం రాదు, దాని మంటలు అంటుకొని ఇల్లు కాలితే ఆ నష్టానికి వస్తుంది. చదివిన వెంటనే ఎంతమందికి అర్థమవుతుంది ఈ తేడా?

కంపెనీకి రాసిన ఫిర్యాదును అది తిరస్కరించినా, 30 రోజుల్లో జవాబివ్వకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులను పరిష్కరించే అధికారి) కార్యాలయానికి రుసుము లేకుండా, వకీలు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. మినహాయింపు పాలసీలో స్పష్టంగా రాసి ఉంటే అక్కడా గెలవడం కష్టం.

ఆరోగ్య బీమాలో ముఖ్యాంశాలతో కూడిన సమాచార పత్రాన్ని, పాలసీదారు కోరితే స్థానిక భాషలో, ఇవ్వాలన్న నిబంధన 2024 జనవరి నుంచి ఉంది. హైదరాబాదులోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఇల్లు, కారు పాలసీల విషయంలో మరొక అడుగు వేసి, కోరకుండానే తెలుగులో, మొదటి పేజీలోనే వర్తించని నష్టాలను ముద్రించేలా ఆదేశించాలి. వాటి కింద కొనుగోలుదారు తీసుకోని అదనపు కవర్ల పేర్లు, ఒక్కొక్కదానికి అయ్యే ప్రీమియం రాసి, ఆ పేజీ మీద ఏజెంటు, కొనుగోలుదారు ఇద్దరి సంతకాలూ తీసుకున్నాకే పాలసీ జారీ చేయాలి.

— ఒక పాలసీదారు, విజయవాడ