కత్తిరించిన గోలీల పట్టీ

సంపాదకులకు,

వరినాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు మన పల్లెల మెడికల్ షాపుల్లో 'ఒళ్లు నొప్పుల గోలీలు' అడగని రోజుండదు. షాపాయన పట్టీలోంచి నాలుగు కత్తిరించి, రోజుకు ఒకటైతే ఒక గాటు, రెండైతే రెండు గాట్లు పెట్టి కాగితం కవర్లో వేసిస్తాడు. పేరు, గడువు తేదీ ఉన్న కొస షాపులోనే మిగులుతుంది. అసలు చిక్కు అక్కడే.

ఆ నాలుగూ చాలాసార్లు డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో అయి ఉంటాయి. ఆ మనిషి అప్పటికే బీపీకి టెల్మిసార్టాన్, దాంతోపాటు ఒంట్లో నీరు తీసే హైడ్రోక్లోరోథయాజైడ్ వేసుకుంటుంటే మూడూ కలిసి కిడ్నీలను దెబ్బతీయొచ్చు. నొప్పి గోలీ కిడ్నీకి వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. బీపీ గోలీ వడపోత ఒత్తిడిని దించుతుంది. మూడోది నీళ్లను బయటికి పంపుతుంది. ఎండలో చెమట కారి, పైగా విరేచనాలు పట్టుకుంటే కొద్ది రోజుల్లోనే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరగొచ్చు. మూత్రం తగ్గినా, పాదాలు వాచినా ఆగకుండా దవాఖానకు పోవాలి. అట్లని బీపీ గోలీలు సొంతంగా మానేయొద్దు. ఆపాల్సింది నొప్పి గోలీ. గుండెకు స్టెంటు పడి, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు ఇదే గోలీతో కడుపులో రక్తం కారే ముప్పు ఎక్కువ. మలం తారులా నల్లగా వస్తే అది వేడి చేయడం కాదు.

పారాసిటమాల్ వీటికన్నా నయమే, కానీ అది ఎన్ని గోలీల్లో దాగుందో లెక్క చూడరు. జ్వరానికి 650 మిల్లీగ్రాములది మూడుసార్లు: 1950. ఎసిక్లోఫెనాక్‌తో కలిపి వచ్చే 325 రెండుసార్లు: 650. జలుబు గోలీలో 500 ఉంటే మూడుసార్లు: 1500. మొత్తం 4100. పెద్దవాళ్లకు రోజుకు 4000 దాటొద్దు. మందు తాగే అలవాటున్నవాళ్లకు, కాలేయం పాడైనవాళ్లకు హద్దు ఇంకా తక్కువ. పట్టీ మీద పేరే లేకపోతే ఈ కూడిక ఎవరు చేస్తారు?

ఇంట్లోని పట్టీలన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా, ఒకే సంచిలో డాక్టరు ముందు పెట్టండి. మందు పడక ఇబ్బంది వస్తే 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు చెప్పొచ్చు. అక్కడ కూడా మొదట అడిగేది మందు పేరే.

పట్టీ కత్తిరిస్తే కవరు మీద మందు పేరు, మిల్లీగ్రాములు, గడువు తేదీ పెన్నుతో రాసివ్వాలని ఔషధ నియంత్రణ అధికారులు షాపులకు గట్టిగా చెప్పాలి. గాట్లు పెట్టే కత్తెర పక్కన ఒక పెన్ను పెట్టుకుంటే సరిపోయే పని ఇది.

– ఒక ఫార్మసిస్ట్, హన్మకొండ