పట్టణాల్లో వార్డు సభలు ఎందుకు పెట్టరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ముందు మా వీధి మురుగు కాలువ సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. వానలకు ముందు మున్సిపాలిటీ వాళ్లు పూడిక తీశారు, కాదనను. తీసినదంతా కాలువ గట్టునే కుప్పలు పోసి, ఆరాక ట్రాక్టర్ వస్తుందన్నారు. కుప్పలు ఆరాయి, పిల్లలు తొక్కారు, బళ్లు ఎక్కాయి, ట్రాక్టర్ మాత్రం రాలేదు. ఈలోగా ఓ రాత్రి పడ్డ వానకి సగం పూడిక మళ్లీ కాలువలోకే జారిపోయింది. ఫొటో తీసి యాప్‌లో ఫిర్యాదు పెడితే మర్నాడే మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడింది" అని. గుమ్మంలోంచి చూస్తే మిగిలిన కుప్ప ఎక్కడిదక్కడే ఉంది.

వార్డు సచివాలయానికి వెళ్తే శానిటేషన్ సెక్రటరీ, "మనుషుల్ని పంపడం వరకే నా పనండీ, ట్రాక్టర్ ఆఫీసు నుంచి రావాలి" అన్నాడు. ఆఫీసులో అడిగితే ట్రాక్టర్ రిపేరులో ఉందన్నారు. కల్వర్టు కింద అడ్డుపడిన చెత్త మాటేమిటంటే, ఆ రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లది కాబట్టి వాళ్లనే అడగమన్నారు.

ఆ సెక్రటరీ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయాలు మొదలైనప్పుడు నేనూ సంతోషించాను. పట్టణాల్లో సుమారు 4 వేల జనాభాకి ఒకటి, పారిశుద్ధ్యానికి ఒకరు, నీళ్లు, రోడ్లు చూసేందుకు ఒకరు, ప్లానింగ్‌కి ఒకరు. సర్టిఫికెట్లు, పింఛన్ల వరకు నిజంగానే మేలు జరిగింది. కానీ డబ్బు, బండి, కాంట్రాక్టు వాళ్ల చేతిలో లేవు. అవన్నీ కమిషనర్ దగ్గర, కౌన్సిల్ దగ్గర తేలాల్సినవి, అక్కడ ఏం తేల్చారో మాకు తెలిసే దారి లేదు. ఏమనుకోకండి, మీ పేపర్లో కూడా కౌన్సిల్ సమావేశం గురించి పెద్దగా వచ్చేది మైకులు విరిగిన రోజే. ఎజెండాలో ఏ వార్డుకి ఎంత పెట్టారన్నది ఎక్కడా కనపడదు.

పల్లెలకి గ్రామసభ ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టి, ఉపాధి హామీ పనుల మీద తీర్మానాలు చేశారు. అన్నీ సవ్యంగా జరుగుతాయనుకునేంత అమాయకుణ్ని కాను, సంతకాలు పెట్టించుకుని మమ అనిపించేవీ ఉంటాయి. అయినా సర్పంచ్‌ని జనం మధ్య నిలబెట్టి "బోరు మోటారుకి పెట్టిన డబ్బులేవి?" అని అడిగే అవకాశం అక్కడ ఉంది. మాకా? 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్నచోటే. తర్వాత మన మున్సిపల్ చట్టంలో ఏరియా సభల (వార్డులో ఒక్కో ప్రాంతం ఓటర్లు కూర్చునే సభల) మాట కూడా చేర్చారు గానీ, మా వార్డులో ఇంతవరకు అలాంటి సభ పెట్టినట్టు నాకు తెలియదు, పక్కింటి రిటైర్డ్ మాస్టారికీ తెలియదు.

ఇంటి పన్ను దగ్గర మాత్రం ఏ జాప్యమూ లేదు. 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం కలిపి కట్టే ఖరీదు) మీద లెక్కగట్టి, ఏటా 15 శాతం మించకుండా పెంచే పద్ధతి తెచ్చారు. ఏప్రిల్ 30 లోపు ఏడాదిదంతా కడితే 5 శాతం రాయితీ వస్తుందని నేను ముందే కట్టేస్తాను. కట్టింది ఎటు పోయిందో అడగడానికి ఒక చోటు చూపించమనే నా గోల.

మూడు నెలలకోసారి సచివాలయం ముందు ఓ షామియానా వేయండి. కమిషనర్ రాలేకపోతే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), శానిటరీ ఇన్‌స్పెక్టర్, కౌన్సిలర్ వస్తే చాలు. వార్డులో చేసిన పనులు, ఎంతకి చేశారు, కాంట్రాక్టర్ ఎవరు, ఇవన్నీ చదివి వినిపించి అదే కాగితం గోడకి అంటించండి. యాప్‌లో ఫిర్యాదుని కూడా పెట్టినవాళ్లకి ఫోన్ చేసి, అయిందంటేనే మూసేయండి. అరుపులు కేకలు తప్పవు, మొదటి రెండు సభలు రసాభాసే అవుతాయేమో, అవనివ్వండి. కాకపోతే ఒక్క మనవి, సభ ఆదివారం సాయంత్రం పెట్టండి. మామూలు రోజు పొద్దున పదకొండింటికి పెడితే కూలికి పోయేవాళ్లూ కొట్లవాళ్లూ రాలేరు, ముందు కుర్చీల్లో కౌన్సిలర్ గారి మనుషులే కూర్చుంటారు.

ఇట్లు,
కోస్తాలోని ఓ మున్సిపాలిటీలో ఇంటి పన్ను కట్టే మనిషి