రోజూ టైమింగ్ పరుగేనా?

సంపాదకులకు,

కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినపడితే చాలు, హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానం తెల్లవారకముందే నిండిపోతుంది. ఎక్కువమంది పల్లెల పిల్లలే. వాళ్ల పట్టుదల చూస్తే ముచ్చటేస్తుంది, చేయిస్తున్న సాధన చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పొద్దున స్టాప్‌వాచ్ పెట్టి 1600 మీటర్లు, సాయంత్రం మళ్లీ అదే. 2022 నియామకాల్లో మగపిల్లలకు గడువు 7 నిమిషాల 15 సెకన్లు. ఆ టైమింగ్ ప్రతిరోజూ రావాలని ప్రాణం పెట్టి ఉరుకుతున్నారు. కొన్నాళ్లకే మోకాలి కింద ముందరి ఎముక పట్టుకుని గట్టు మీద కూలబడుతున్నారు.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. 1600 మీటర్లు చిన్న పరుగులాగే కనిపిస్తుంది కానీ, ఆ ఏడు నిమిషాల్లో ఒంటికి కావలసిన శక్తిలో చాలా భాగం ఆక్సిజన్‌తోనే తయారవుతుంది. ఆ సత్తాకు పునాది పడేది నెమ్మది పరుగులో. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత నిదానంగా ముప్పావుగంట పరుగెత్తాలి. అలా నెలల తరబడి చేస్తే గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. ఊపిరి కుదురుకున్నంత తొందరగా ఎముకలు గట్టిపడవు. రోజూ ఫుల్ స్పీడ్‌లో కొడితే వాటికి కోలుకునే వ్యవధే దొరకదు.

న్యూజిలాండ్ రన్నర్ పీటర్ స్నెల్ పరుగెత్తినవి 800, 1500 మీటర్లు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో రెండింటిలోనూ స్వర్ణం ఆయనదే. అంత తక్కువ దూరాల రన్నర్‌తో కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఆదివారాల్లో దాదాపు 35 కిలోమీటర్లు పరుగెత్తించేవాడు!

కానిస్టేబుల్ ఎంపికలో ఆడపిల్లలకుండే 800 మీటర్ల పరుగు కోసం తయారవుతున్న మా వీధి అమ్మాయిని నెమ్మదిగా ఉరకమన్నాను. "ఇట్ల ఉరికితే సెలెక్ట్ అయితనా సార్?" అంది. "మాట్లాడుకుంట ఉరుకు బిడ్డా, ఆయాసమొస్తే ఇంకింత తగ్గించు" అన్నాను. వాచీ ఇంట్లో పెట్టించాను. వేగం పరుగులు వారానికి ఒక్కరోజే. కాలినొప్పి తగ్గాక టైమింగ్ దానంతటదే మెరుగైంది.

వేగం అక్కర్లేదని నేననను. వారానికి ఒకటి రెండు రోజులు గట్టిగా ఉరికి, మిగతా రోజులు నిదానంగా పోవాలి. పూర్తి టైమింగ్ పరీక్ష పదిహేను రోజులకోసారి చాలు. ఫీజులు తీసుకునే శిక్షణ కేంద్రాలు ఈ మాత్రం చేయాలి. మీ ఉద్యోగాల పేజీలో కరెంట్ అఫైర్స్ ప్రశ్నల పక్కన వారం వారం పరుగు ప్రణాళిక కూడా వేయండి. కోచింగ్‌కు డబ్బుల్లేక ఊరి చెరువుకట్ట మీదే సాధన చేసే పిల్లలకు అది చేరుతుంది.

- ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, హనుమకొండ