‘డౌన్‌ప్లే’ అంటే కొట్టిపారేయడం కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఇంగ్లిష్ వార్తల్లో ‘డౌన్‌ప్లే’ అని వచ్చిన చోట మన పత్రికలు, టీవీ స్క్రోలింగులు ‘తేలిగ్గా తీసుకున్నారు’ అనో, ‘కొట్టిపారేశారు’ అనో రాస్తున్నాయి. రెండూ తప్పే. పాతికేళ్లకు పైగా పిల్లలకు ఇంగ్లిష్ చెప్పినదాన్ని కాబట్టి ఇది చూసి ఊరుకోలేకపోతున్నాను.

జ్వరమే కదా అని నాలుగు రోజులు ఆస్పత్రికి వెళ్లని మనిషి దాన్ని తేలిగ్గా తీసుకున్నట్టు. అసలు జ్వరమే లేదంటే కొట్టిపారేసినట్టు. డౌన్‌ప్లే చేసేవాళ్లు ఉందనే అంటారు, కానీ ఉన్నదానికన్నా తగ్గించి చెబుతారు. చాలాసార్లు అసలు సంగతి తెలిసే ఆ పని చేస్తారు.

కరోనా రోజులు గుర్తు చేసుకోండి. 2020 ఫిబ్రవరి 7న ట్రంప్ పాత్రికేయుడు బాబ్ వుడ్‌వర్డ్‌తో ఇది గట్టి ఫ్లూ కంటే కూడా ప్రాణాంతకమని చెప్పారు. అదే నెలాఖరున జనానికి మాత్రం ఏదో ఒక రోజు అద్భుతంలా మాయమైపోతుందన్నారు. మార్చి 19న మళ్లీ వుడ్‌వర్డ్‌తోనే, జనం కంగారు పడకూడదని దాన్ని ‘ప్లే డౌన్’ చేయాలనుకున్నానని ఒప్పుకున్నారు. డౌన్‌ప్లే అన్నా అదే. సెప్టెంబరులో ఈ మాటలు బయటికొచ్చాయి. ఇక్కడ ‘తేలిగ్గా తీసుకున్నారు’ అని రాస్తే, తెలిసి చేసిన పని కాస్తా తెలియక చేసిన పొరపాటు అయిపోతుంది.

‘మినిమైజ్’తో ఇంకో చిక్కుంది. నష్టాన్ని నిజంగా తగ్గించినా ఆ మాటే, తగ్గించి చూపినా ఆ మాటే. ముందూ వెనకా చదవకుండా అనువదిస్తే నిజం దాచినవాళ్లకు మెచ్చుకోలు దక్కుతుంది. మనిషిని చులకన చేయడానికి ‘బిలిటిల్’ ఉంది, దానితో పేచీ లేదు.

పోయిన వానాకాలం మా వీధి కుళాయిల్లో మురుగు నీళ్లు వచ్చాయి. రంగు కాస్త మారింది, అంతేనని ఒక అధికారి అన్నారు. ఇంగ్లిష్ పత్రిక డౌన్‌ప్లే అని రాస్తే, తెలుగు పత్రిక ‘ఫిర్యాదులను కొట్టిపారేసిన అధికారి’ అని హెడ్డింగ్ పెట్టింది. ‘నేనెక్కడ కొట్టిపారేశాను? రంగు మారిందని చెప్పాను కదా’ అని ఆయన అందరినీ నిలదీశారు. చర్చంతా ఆ హెడ్డింగ్ మీదికి పోయింది. పగిలిన పైపు సంగతి అడిగినవాళ్లు లేరు. మేం మరో వారం కాచి వడపోసిన నీళ్లే తాగాం.

‘తగ్గించి చెప్పారు’ అన్నది చిన్న మాటే, హెడ్డింగులో సులువుగా ఇముడుతుంది. మీ డెస్కులో అనువాదం చేసేవారికి ఈ మాట అందేలా చూడండి.

– విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు, తెనాలి